పద్నాలుగు స్క్రూలు

ఈ ఉదయం స్టవ్‌లో పోస్తుంటే కిరసనాయిలు చేతిమీద ఒలికింది. సబ్బుతో మూడుసార్లు కడిగినా వాసన పోలేదు. నాలుగోసారి కడగలేదు. ఆ వాసనకు అప్పలసామి అన్న గుర్తొస్తాడు. కాసేపు ఉండనిద్దామనుకున్నాను.

అన్న అంటే తోడబుట్టినవాడు కాదు. ఫిజీకి ఒకే ఓడలో వచ్చాం. ఓడలో కలిసి వచ్చినవాళ్ళు దిగాక అన్నాచెల్లెళ్ళ లెక్క. వాళ్ళ మధ్య పెళ్ళి సంబంధాలు కూడా కలుపుకునేవాళ్ళం కాదు. నా గిర్మిట్, అంటే కూలి ఒప్పందం, అయిదేళ్ళు. రెండో ఏడు చెరుకు సాళ్ళలో గడ్డి చెక్కుతుంటే పార తగిలి ఎడమకాలు కుంటిదైంది. నన్ను మిల్లు వర్క్‌షాపులో తుడిచే పనికి వేశారు. అన్న అక్కడ ఫిట్టరు. నాకన్నా ఇరవయ్యేళ్ళు పెద్ద.

మూడో ఏడు దసరాకు నాకు ఆయుధపూజ చెయ్యాలనిపించింది. పనిచేసే మిషన్ల దగ్గరికి వర్క్‌షాపు చూసే తెల్లదొర రానివ్వడు. ఒక మూల గోనెపట్టా కింద ఇనుముకు బెజ్జాలు వేసే, చేత్తో తిప్పే పాత మిషను ఎవరికీ పట్టకుండా పడి ఉండేది. ఎవరూ లేనప్పుడు దానికి పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు దాని నెత్తిన పోసి దణ్ణం పెట్టుకున్నాను. మళ్ళీ పట్టా కప్పేశాను.

ఏడు నెలల తర్వాత, చెరుకు ఆడే కాలం దగ్గరపడగానే, దొర ఆ పట్టా తీయించాడు. మిషను కింది భాగం బాగానే ఉంది. పైమూత మీది పద్నాలుగు స్క్రూలూ తుప్పుతో బిగుసుకుపోయాయి. తుడవడానికి మనిషిని పెట్టుకున్నది ఎందుకని దొర అరిచాడు. శనివారంలోగా మూత ఊడకపోతే నన్ను మళ్ళీ పొలానికి పంపుతానన్నాడు. ఆ కాలితో రోజు పని పూర్తిచేయలేను. పూర్తిచేయనివాళ్ళను, కూలీలను తోలే సర్దారు ఏం చేస్తాడో రెండేళ్ళు చూశాను. నోరు మెదపలేదు.

సోమవారం అన్న స్క్రూల తలమీది గాడిగాడినీ సూదితో శుభ్రం చేసి, కిరసనాయిలూ మిల్లు నూనే కలిపి చుక్కచుక్కగా వేశాడు. ఆ రోజు ఒక్కటీ తిప్పనివ్వలేదు. ఒక చెక్కమీద బొగ్గుతో మూత బొమ్మ గీసి, పద్నాలుగు బెజ్జాలు పెట్టించాడు. ఏ స్క్రూ ఎక్కడ ఊడితే ఆ బెజ్జంలోనే ఉండాలి. మంగళవారం స్క్రూ డ్రైవరు నా చేతికిచ్చాడు.

“ముందు బిగించు.”

“విప్పమంటే బిగించమంటావేటన్నా?”

“వెంట్రుకవాసి. అటు కదిల్తే ఇటూ కదుల్తాది. సూడు.”

అది కిర్రుమంది. ఆ రోజు మూడు వచ్చాయి. బుధవారం రెండు. మూడోదాని దగ్గర ఓపిక చచ్చి బలంగా తిప్పాను. గాడి చెదిరిపోయింది.

“ఇది గడ్డి కాదే అమ్మీ, పీకీడానికి,” అన్నాడు. తిట్టలేదు. పక్కదానికి పొమ్మన్నాడు. గురువారం నాలుగు, శుక్రవారం నాలుగు. ఇక మిగిలింది నేను పాడుచేసినదే.

శనివారం పొద్దున్నే అన్న రంపపు బ్లేడుతో దాని తలమీద కొత్త గాడి కోస్తున్నాడు. ఇనపపొడితోపాటు పసుపు పలుకు ఒకటి రాలింది. దాన్ని వేలితో అద్ది అన్నకు చూపించాను.

“నేనే అన్నా. దసరాకి కొబ్బరినీళ్ళు పోశాను.”

“ఎరుగుదును. సోమవారవే సూసినాను. గాడుల్నిండా పసుపే.”

“మరి అడగలేదేం?”

“అడిగితే నీ సెయ్యి వణుకుద్ది. వణికే సేతికి ఇది రాదు.” ఊచ ఎర్రగా కాల్చి స్క్రూ తలమీద ఆనించాడు. “పూజ సేసినాక తుడిసి నూనె రాయాలని నీకెవులు సెప్పినారు? నాను సెప్పలేదు. సగం తప్పు నాది. కానియ్, ఊడదియ్.”

వెంట్రుకవాసి బిగించాను. తర్వాత వదులుచేశాను. పద్నాలుగోది వచ్చింది.

మధ్యాహ్నం దొర వచ్చాడు. చెక్కమీది స్క్రూలు వేలితో లెక్కపెట్టాడు. ఇంత తుప్పు ఎలా పట్టిందని అన్నను అడిగాడు. అన్న నా వంక చూడలేదు. ఇనపముక్కలు ఏరుకుంటూ వంగి ఉన్నాడు. నాకొచ్చిన కొద్దిపాటి హిందీలో నేనే చెప్పాను: పసుపు, కొబ్బరినీళ్ళు, పట్టా. దొర మొహం కందగడ్డలా అయింది. మళ్ళీ చెక్క వంక చూశాడు. సోమవారం నుంచి స్క్రూలన్నిటికీ నూనె పెట్టే పని కూడా నాదేనని చెప్పి వెళ్ళిపోయాడు.

అన్న అప్పుడు తలెత్తి నవ్వాడు. “నీ నోరూ ఊడిందే అమ్మీ, పదిహేనోది,” అన్నాడు.

మా ఇద్దరి గిర్మిట్ తీరాక అన్న వేరే దీవిలోని లబాసా మిల్లులో పనికి ఓడెక్కాడు. మళ్ళీ చూడలేదు. అప్పటిదాకా నేను మిగిలిన ఏడాదిన్నరా వర్క్‌షాపులోనే పూర్తిచేశాను. ఏడు నెలలూ ఆరు రోజులూ ఒక మాట లోపల పెట్టుకుని తిరగడం ఎంత బరువో నాకు తెలుసు. అందుకే ఆ తర్వాత ఏ తప్పూ నా దగ్గర ఒక్క రాత్రి కూడా నిలవలేదు. పోయిన గురువారం పక్కింటావిడ గాజు జాడీ నా చేతిలో పగిలింది. ఆవిడ బజారు నుంచి వచ్చేదాకా, కుంటికాలు చాపుకుని, వాళ్ళ మెట్లమీదే కూర్చున్నాను.