పాత ఫిల్ము డాక్టరుగారు

మా డాక్టరుగారికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ఏది చూపించినా "పాతదేదీ?" అంటారు.

నేను సీటీ స్కాన్ తీస్తాను. ఆయన చూసి, పాత ఫిల్ముతో పోల్చి రిపోర్టు రాస్తారు. పదకొండేళ్లుగా మా మధ్య ఒక గాజు తలుపు, ఈ ఒక్క ప్రశ్న.

ఇంట్లో భార్య కూర వడ్డించి "ఎలా ఉంది?" అంటే, "నిన్నటిది కొంచెం మిగిలిందా?" అంటారట. మా నర్సు పసిబిడ్డను తెచ్చి చూపించినప్పుడు కూడా నోరు తెరవబోయారు.

"అడక్కండి సార్. ఇదే మొదటిది," అందామె.

కానీ ఆయన కళ్లు! ముక్కు చుట్టూ ఉండే ఎముకలు కొన్ని గుడ్డు పెంకంత పలచన. తెర మీద అవి వెంట్రుకల్లాంటి తెల్లగీతలు. నాకు పొగమంచు కనిపించే చోట ఆయనకు గదులు, గోడలు కనిపిస్తాయి.

"కంతి అద్దెకొచ్చినవాడి లాంటిదయ్యా," అనేవారు. "మంచివాడైతే మెల్లగా సర్దుకుంటాడు. గోడ వంగుతుంది. చెడ్డవాడికి ఓపికుండదు. గోడే తినేస్తాడు."

"చూడగానే తెలిసిపోతుందా సార్?"

"చూడగానే తెలిసిందనుకున్నవాడే తప్పు రాస్తాడు. పాతదేదీ?"

ఒకరోజు ఒకావిడ వచ్చింది. టీ పొడి వాసన చూసి నాణ్యత చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఆరు నెలలుగా ఎడమ ముక్కు మూసుకుపోయింది, అప్పుడప్పుడు రక్తం. స్కాన్‌లో రేగిపండంత కంతి. పక్కన గోడ పలచబడి ఉంది. వంగి పలచబడిందో, తినేస్తుంటే పలచబడిందో నాకు అంతుపట్టలేదు. ఆయన తెర ముందు చాలాసేపు కూర్చున్నారు.

"పాతదేదీ?"

"లేదండీ," అందావిడ.

వెంట వచ్చిన తమ్ముడు నసిగాడు. "అక్కా, ఏడేళ్ల కిందట మెట్ల మీంచి పడితే తలకి స్కాన్ తీశారుగా. ఆ ఫిల్ము..."

"ఉందా? ఎక్కడ?" డాక్టరుగారు లేచి నిలబడ్డారు.

"ఉందండీ. బాత్రూం వెంటిలేటరు అద్దం పగిలితే, దానికి అంటించాను."

"ఎంతపని చేశావురా!" అందావిడ.

"పీకకండి! చిరిగిపోతుంది," అన్నారు డాక్టరుగారు. భోజనం డబ్బా అలాగే వదిలేసి వాళ్ల వెంట బయల్దేరారు. నన్నూ లాక్కెళ్లారు.

ఇరుకు బాత్రూం. ఆయన బకెట్ బోర్లించి ఎక్కారు. నేను నడుం పట్టుకున్నాను. బయటి ఎండ ఫిల్ము వెనక దీపంలా వెలుగుతోంది. ఏళ్ల తరబడి ఆవిరికి ఒక మూల ఊడింది. సబ్బు మరకల మధ్య వరసగా చిన్న చిన్న తల బొమ్మలు. కింది వరసలో ముక్కు పై భాగం.

ఆయన ఒక్కో బొమ్మ మీదా వేలు జరుపుతూ చూశారు. కుళాయి బొట్టు బొట్టుగా కారుతోంది.

"ఇదిగో," అన్నారు. "అప్పుడే ఉన్నాడు. వేరుశనగ గింజంత. ఏడేళ్లలో రేగిపండు. ఇంత నిదానస్తుడు గోడ తినడు, నెడతాడు."

నేను చూశాను. ఆ గింజ నిజంగానే ఉంది. రోజూ ఆ ఇంట్లో అందరూ దాని కిందే స్నానం చేశారు.

ఆవిడ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆయన బకెట్ మీంచే చెప్పారు. "మంచిదేననిపిస్తోందమ్మా. ముక్క తీసి పరీక్ష చేయందే ముద్ర వేయను. కానీ నాకు మంచిదేననిపిస్తోంది."

ఆవిడ అక్కడే తడినేల మీద కూర్చుండిపోయింది.

తిరిగి వస్తూ అడిగాను. "ఎలాగూ ముక్క తీసి చూస్తారుగా సార్. ఇంత శ్రమ దేనికి?"

"ఆ ఫలితం రావడానికి పదిరోజులు పడుతుందయ్యా," అన్నారు. "అన్నాళ్లూ ఆవిడ నిద్రపోవద్దూ?"

పదకొండేళ్లు దాన్ని చాదస్తమనుకున్నాను.

ఫలితం మంచిదే వచ్చింది. కంతి తీసేశారు. ఆవిడ ఒక పొట్లం టీ పొడి తెచ్చి, తానే వాసన చూసి ఎంచానంది. ఆయన పొట్లం విప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని, నా వైపు చూశారు.

"అడక్కండి సార్," అన్నాను.

నవ్వి, ఆపరేషన్ తర్వాత తీసిన కొత్త ఫిల్ము ఆవిడ చేతికిచ్చారు. "దాచిపెట్టండమ్మా. వచ్చే ఏడాదికి ఇదే పాతది."

తర్వాత తమ్ముడి వైపు తిరిగారు. "నువ్వు మాత్రం వెంటిలేటరుకి అద్దం వేయించు."