ఓవర్సీర్ సారు కొన్న మంచం

నల్గొండలో ఆదివారం హర్రాజు అంటే మా బాపు గొంతే. బదిలీ అయిన ఆఫీసర్ల బీరువాలు, మూతపడ్డ హోటళ్ల బల్లలు, పెళ్లిళ్లలో రెండేసి మూడేసి వచ్చిన గోడ గడియారాలు, రెక్క వంగిన టేబుల్ ఫ్యాన్లు, ఏదైనా సరే గడియారం సెంటర్ వెనక సందులో ఒక రేకుల షెడ్డు ముందు నిలబెట్టి వేలం వేసేవాడు. ఆయన పుట్టింది మోత్కూరు దగ్గర నేతవాళ్ల ఇంట్లో. మగ్గం వదిలి నల్గొండకు వచ్చినప్పుడు వెంట తెచ్చుకున్నది ఒక్క నాడె. దారాన్ని మోసుకుని మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే ఆ చిన్న కొయ్యముక్కతోనే "మూడోసారి!" అని బల్ల మీద కొట్టేవాడు. ఆ దెబ్బ పడిందంటే వస్తువు కొన్నవాడిదే. ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఆ మాట తిరగదు.

మా హర్రాజులో ఎవరూ నోరు తెరిచి ధర చెప్పరు. వచ్చేవాళ్లంతా ఒకరికొకరు తెలిసినవాళ్లు. పక్కింటాయన మనసుపడ్డ కుర్చీకి అందరి ముందూ ధర పెంచితే మర్నాడు ముఖాలు ఎట్లా చూసుకుంటారు? అందుకని అన్నీ సైగలే. మటన్ దుకాణం చాచా గడ్డం నిమిరితే ధర పెంచినట్టు. కిరాణా అక్క కొంగు సర్దుకుంటే ఆమె కూడా పాటలో ఉన్నట్టు. హోటలాయన బీడీ చెవి మీద పెట్టుకుంటే ఉన్నట్టు, తీసి వెలిగించుకుంటే తప్పుకున్నట్టు. బాపు ఇవన్నీ ఒక్క చూపులో పట్టేవాడు.

అందరిలోకీ మొండి ఘటం ఓవర్సీర్ సారు. రోడ్ల శాఖ నుంచి రిటైరయ్యాడు గానీ ఆయన జేబులోని ఉక్కు టేపు మాత్రం రిటైరు కాలేదు. కనిపించిన ప్రతి వస్తువునూ కొలిచేవాడు. టేపును 'టక్' మని లోపలికి వదలడమే ఆయన సైగ. ఆదివారం కొనేవాడు, సోమవారం ఫిర్యాదుతో వచ్చేవాడు. ఒకసారి స్టూలు ఊగుతోందన్నాడు. చూస్తే ఊగేది స్టూలు కాదు, వాళ్లింటి బండలే ఎగుడుదిగుడు. ఇంకోసారి గడియారం మరీ గట్టిగా కొట్టుకుంటోందన్నాడు. మరోసారి నిలువుటద్దం మోయించుకొచ్చి, "గీ అద్దంల నేను మరీ ముసలోని లెక్క కనబడుతున్నా" అన్నాడు.

నేనైతే ఆ అద్దాన్ని అక్కడే ముక్కలు చేసేదాన్ని. బాపు అట్లా కాదు. కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, "హర్రాజుల ఏదైనా మూడుసార్లే సారూ. మీ బాధ గూడ మూడుసార్లు చెప్పుండ్రి" అనేవాడు. మొదటిసారి కోపంగా చెప్పేవాడు. రెండోసారికి కోపం సగమయ్యేది. మూడోసారికి ఆయనకే నవ్వొచ్చేది. అద్దం మళ్లీ ఇంటికి పోయేది.

తొంభైల మొదట్లో ఒక ఎండాకాలం బాపు గొంతు పూర్తిగా పోయింది. గొంతులో కాయలు లేచాయని, ఆరు వారాలు గుసగుస కూడా పెట్టొద్దని దవాఖానలో చెప్పారు. మా భయం గొంతు గురించే కాదు. షెడ్డు జాగా సేటుది. వరసగా రెండు ఆదివారాలు హర్రాజు నడవకపోతే జాగా పాత ఇనుము వ్యాపారికి ఇచ్చేస్తానని ఆయన ముందే చెప్పి ఉన్నాడు. ఒక ఆదివారం అప్పటికే పోయింది. ఇరవై ఏళ్లుగా బాపు నిలబడి పాడిన జాగా అది. అది పోతే ఆయన మనిషిగా మిగలడని మా ఇంట్లో అందరికీ తెలుసు.

"హర్రాజు నేను పాడుత" అన్నాను. డిగ్రీ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్నాను.

అమ్మ నెత్తి కొట్టుకుంది. "దీని ముక్కు మీదనే ఉంటది కోపం. కొనెటోళ్లను తన్ని ఎల్లగొడ్తది."

బాపు చెయ్యి ఊపి అమ్మను ఊరుకోమన్నాడు. నా చిన్నప్పటి పలక వెతికి తెచ్చి, ఎవరి సైగ ఏదో వరసగా రాసిచ్చాడు. మూడు రోజులు బట్టీ పట్టాను.

ఆ ఆదివారం షెడ్డు నిండిపోయింది. ఆడపిల్ల హర్రాజు పాడుతుందట, చూద్దాం పదండని వచ్చినవాళ్లే ఎక్కువ. బాపు వెనకాల ఖాళీ డ్రమ్ము మీద కూర్చున్నాడు. సేటు గేటు దగ్గర, ఆయన పక్కనే ఇనుము వ్యాపారి. నేను కొంగు నడుముకు దోపి బల్ల ముందు నిలబడ్డాను. మొదట రెండు కుర్చీలు, ఒక కిరోసిన్ స్టవ్వు బాగానే పోయాయి. చాచా గడ్డం నిమరగానే నేను ధర పెంచాను, ఆయన మెచ్చుకోలుగా తలాడించాడు.

తరవాత వచ్చింది టేకు మంచం. దేవరకొండకు బదిలీ అయిన ఒక డాక్టరమ్మది. మూడు వందల దగ్గర మొదలుపెట్టాను. ఓవర్సీర్ సారు ముందుకొచ్చి, "కోడు వంకరున్నది, చెక్క పాతది" అని సణుగుతూ టేపు తీశాడు. టక్. మూడు వందల పది అన్నాను. మళ్లీ టక్. ఇరవై. టక్. ముప్పై. జనంలో నవ్వులు మొదలయ్యాయి. కిరాణా అక్క కొంగు నోట్లో కుక్కుకుంది. ఆడదాన్ని పాడుతున్నానని నవ్వుతున్నారు కాబోలు అనుకున్నాను. ఒళ్లు మండింది. మండిన కొద్దీ గొంతు పెంచాను. "మూడు వందల అరవై! ఒకటోసారి! రెండోసారి! మూడోసారి!" అని నాడెతో కొట్టాను, బల్ల అదిరింది.

ఓవర్సీర్ సారు మంచం కింది నుంచి తల బయటపెట్టాడు. "ఎవలికి పోయింది బిడ్డా?"

"మీకే సారూ."

"నేనెప్పుడు పాడిన? పొడుగు, ఎడల్పు, కోడు మందం కొలుస్తున్న గదా!"

షెడ్డంతా గొల్లుమంది. నాకు పై ప్రాణం పైనే పోయింది. ఆయన మీద ఆయన చేతే ఆరుసార్లు ధర పెంచించాను. బాపు వైపు చూశాను. లేచి వస్తాడనుకున్నాను. ఆయన పలక కూడా ముట్టుకోలేదు, చేతులు కట్టుకుని నన్నే చూస్తున్నాడు. మంచం వెనక్కి తీసుకుంటే మూడోసారి అన్న మాటకు విలువ లేదు. ఇక రేపటి నుంచి ప్రతివాడూ నేను పాడలేదనే అంటాడు. అంటగడితే అన్యాయం, తప్పు నాది. సేటు ఇనుము వ్యాపారి చెవిలో ఏదో చెబుతున్నాడు.

"సారూ, మూడోసారి అయింది. మంచం మీదే" అన్నాను. ఆయన నోరు తెరవబోయాడు. "కానీ తప్పు నాది. అందుకని మీ మంచాన్ని మీ తరఫున ఇప్పుడే మళ్ల హర్రాజేస్తున్న. ఇగ అమ్మెటోళ్లు మీరు. జర మంచం సంగతి చెప్పుండ్రి."

ఆయన మంచం కింది నుంచి పూర్తిగా బయటికొచ్చాడు. చొక్కా సర్దుకుని జనం వైపు తిరిగాడు. "సూడుండ్రి, గిది అసలు టేకు. ఇసొంటి చెక్క ఇప్పుడు దొరుకుతదా? ఆరడుగుల మూడంగుళాలు, నేను సొంతంగ కొలిచిన! కోడు సూడుండ్రి, ఏనుగు నిలబడ్డా కదలది!"

వంకర కోడు ఇంత తొందరగా ఏనుగును మోస్తుందని నేనూ అనుకోలేదు. చాచా గడ్డం నిమిరాడు. అక్క కొంగు సర్దుకుంది. హోటలాయన బీడీ చెవి ఎక్కింది. మూడు వందల అరవై దాటి నాలుగు వందలు, నాలుగు వందల నలభై. ఓవర్సీర్ సారు ముఖం చిన్నబోతూ వచ్చింది. చేతిని మంచం పట్టె మీద నుంచి తీయడం లేదు. చాచా దగ్గర పాట ఆగింది. ఒకటోసారి అన్నాను. రెండోసారి అన్నాను.

టక్.

ఈసారి ఆయన నిటారుగా నిలబడి ఉన్నాడు. "సారూ, కొలుస్తున్నరా, పాడుతున్నరా?"

"పాడుతున్ననే తల్లీ! నా మంచం ఎవలో ఎత్కపోతాంటే సూస్కుంట ఊకోవాల్నా?"

నాడెతో కొట్టాను గానీ ఆ చప్పుడు నవ్వుల్లో ఎవరికీ వినపడలేదు. తన మంచానికి తానే ధర పెంచి కొనుక్కున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. మొదట కొట్టిన మూడు వందల అరవై మాత్రమే తీసుకుని పంపించాను. సేటు కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "వచ్చే ఐతారం జనం ఇంకా వస్తరు బిడ్డా, రెండు బెంచీలు నేను ఏయిస్త" అన్నాడు. ఇనుము వ్యాపారి అప్పటికే వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక బాపు పలక మీద రాశాడు: "వంగి కొడితే కొలత. నిలబడి కొడితే పాట. రాసుడు మర్చిన." ఆ పలక ఆయన నెత్తిన పగలగొట్టాలనిపించింది. ఆయన భుజాలు కదిలిపోయేలా చప్పుడు లేకుండా నవ్వుతుంటే నాకూ నవ్వాగలేదు.

ఆరు వారాలు గడిచాయి. గొంతు వచ్చిందా అంటే బాపు లేదని చెయ్యి ఊపేవాడు. ఏడు, ఎనిమిది వారాలయ్యాయి. ఆదివారం కోసం నేను శుక్రవారం నుంచే ఎదురుచూసేదాన్ని. బాపు గొంతు రావాలని మొక్కుకుంటూనే, వచ్చే వారం రాకపోతే బాగుండునని లోలోపల అనుకునేదాన్ని. అట్లా అనుకున్నందుకు నా మీద నాకే సిగ్గేసేది.

ఒక సోమవారం ఓవర్సీర్ సారు షెడ్డుకు వచ్చాడు. మంచం మీద పక్కకు తిరిగితే కిర్రుమంటోందట. కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, మూడుసార్లు చెప్పమన్నాను. మూడోసారికి, "ఏమో, కిర్రుమంటె గూడ ఒక తోడున్నట్టే ఉన్నది తియ్యి" అని లేచాడు. లేస్తూ, "నువ్వే నయం బిడ్డా. మొన్న చాయ్ హోటల్ల గిదే సంగతి చెప్తె మీ బాపు గంటసేపు నన్ను దులిపిండు. గొంతు మునుపటి కన్న ఖంగుమంటాంది" అన్నాడు.

ఇంటికి పరుగున వచ్చాను. బాపు వాకిట్లో పల్లికాయలు ఒలుస్తున్నాడు, పలక పక్కనే ఉంది.

"బాపూ, ఒకటోసారి అడుగుతున్న. గొంతొచ్చిందా?"

పలక అందుకోబోయాడు. లాగేసుకున్నాను. "రెండోసారి."

అమ్మ లోపలి నుంచి అరిచింది. "రెండు వారాల సంది నాతోని లొడలొడ మాట్లాడుతనే ఉన్నడు. నువ్వొస్తె మూగోడైతుండు!"

మూడోసారి అనబోయాను. ఏడుపొచ్చి నా గొంతే పూడుకుపోయింది. బాపు నా సంచిలోంచి నాడె తీసి గడప మీద ఒక్క దెబ్బ కొట్టాడు.

"మూడోసారి," అన్నాడు. తొమ్మిది వారాల తరవాత నేను విన్న ఆయన మొదటి మాట అది. "పాట నీదే బిడ్డా. ఐతారం నేనొచ్చి ముందల బెంచి మీద కూసుంట. నాగ్గూడ ఒక సైగ పెట్టు."