గొణుగుడు పిట్ట

మా వదినకు అసహ్యం అనేదే లేదని చాలాకాలం అనుకున్నాను. మాది కోడిమాంసం షాపు. కోయడం మా అన్న పని. బొచ్చు పీకి, పేగులు తీసి, ముక్కలు కొట్టడం వదిన పని. ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం నా పని. వదిన మోచేతుల దాకా నెత్తురుతోనే నిలబడి టీ తాగేస్తుంది. గ్లాసుకు ఈక అంటుకుంటే ఉఫ్ అని ఊది మళ్ళీ తాగుతుంది. షాపు మూసేదాకా చేతులు కడుక్కోదు. చూడలేక నేనే మొహం తిప్పుకుంటాను.

అలాంటి మనిషికి పిట్టల పిచ్చి పట్టింది. మా షాపు వెనక సందు చివర, ఊళ్ళో మురుగంతా చేరే మడుగు ఒకటుంది. నల్లటి నీళ్ళు, పైన నురగ, చుట్టూ జమ్ముగడ్డి. ఆ కంపుకు కుక్కలు కూడా దూరంగా తిరుగుతాయి గాని, పిట్టలు మాత్రం పెళ్ళి భోజనానికి వచ్చినట్టు వస్తాయి. వదిన రోజూ బొచ్చు బకెట్టు పారబోయడానికి అటే వెళ్ళేది. మా వీధిలో కళ్ళజోళ్ళ షాపాయన సెలవు రోజున నలుగురిని వెంటేసుకుని పిట్టల్ని చూడ్డానికి అక్కడికే వచ్చేవాడు. మనిషి చెడ్డవాడేం కాదు. ఈవిడ సరదా చూసి తన పాత బైనాక్యులర్ ఇచ్చేశాడు, ఓపిగ్గా నేర్పాడు కూడా.

వారమంతా కోళ్ళని కోసి సెలవు రోజున వాటి చుట్టాలని పలకరించడానికి వెళ్తోందని మా అన్న వేళాకోళం చేసేవాడు. వాటి బొచ్చు నేను పీకక్కర్లేదుగా, ఊరికే చూడొచ్చు, అదే హాయి అనేది వదిన.

కొంగనీ లకుముకి పిట్టనీ ఎవరైనా గుర్తుపడతారట. చిక్కంతా జమ్ములో ఉండే మట్టిరంగు పిట్టలతోనే. అన్నీ ఒకే తానులోంచి కత్తిరించినట్టుంటాయి. ఒకదానికి కంటి పైన గీత కాస్త పొడుగు, ఇంకోదానికి పొట్టి. ఆ గీత చూసేలోపు అది లోపలికి దూరిపోతుంది. మొదట్లో వదిన తప్పుడు పేర్లు చెప్పి నవ్వులపాలైంది. ఆ తర్వాత తెలియకపోతే తెలీదనేది, ఊహించి మాత్రం చెప్పేది కాదు. అందుకే షాపాయనకు ఆవిడ మాటంటే గురి.

ఒక ఎండాకాలం జమ్ములోంచి రోజంతా ఏదో పిట్ట గొణగడం వదిన చెవిన పడింది. "అచ్చం మీ అన్నేనే. ఏమంటోందో తెలీదు, ఆపడం మాత్రం ఆపదు" అంది నాతో. గొణుగుడు పిట్ట అని ముద్దుపేరు కూడా పెట్టుకుంది. జమ్ముకాడల మధ్య చిన్న గిన్నెలా దాని గూడు, గూట్లో గుడ్లు చూసింది. కాని ఆ పోలికవి రెండు రకాలున్నాయి, ఇది ఏదో తేలలేదు. అన్నం తింటూ కూడా అదే ధ్యాస. ఉండబట్టలేక షాపాయనకు చెప్పింది. ఆ సెలవు రోజున నన్నూ లాక్కెళ్ళింది.

ఆయన ఫోను తీశాడు. అందులో రెండు రకాల పిట్టల పాటలూ ఉన్నాయి. తన జాతి గొంతు వినబడితే, ఎవడో నా చోటుకి వచ్చాడని మగపిట్ట తన్నడానికి వస్తుందట. మొదటి పాటకి ఏమీ కదల్లేదు. రెండోది పెట్టగానే జమ్ములోంచి బాణంలా వచ్చింది. పేరు తేలిపోయింది. వదిన సంతోషంతో నా చెయ్యి పట్టుకుని నలిపేసింది.

అక్కడితో ఇంటికొచ్చేస్తే బాగుండేది. వెంట వచ్చినవాళ్ళకి ఫోటో కావాలి. ఆకు అడ్డమొచ్చింది, ఇంకోసారి పెట్టండి అని ఒకడు. ముక్కు తెరిచి ఉంటే బాగుంటుందని ఇంకొకడు. ఫోను రాయి మీద పెట్టి పాట వేస్తూనే ఉన్నారు. ఆ పిచ్చిది ఫోను మీద పడి పొడుస్తోంది, నోరు తెరిచి రొప్పుతోంది. వీళ్ళు నవ్వుతున్నారు. గూట్లో ఉన్న ఆడపిట్ట కూడా లేచొచ్చి దాని చుట్టూ గెంతడం మొదలెట్టింది. గుడ్ల మీద ఎవరూ లేరు.

"పేరు తెలిసిందిగా సార్. గూడుంది, ఇంక ఆపండి" అంది వదిన.

ఆయన తలెత్తలేదు. "ఒక్క నిమిషమమ్మా. తేల్చమని అడిగింది నువ్వే కదా" అన్నాడు.

ఆ నిమిషంలోనే కాకి దిగింది. మేం అరిచేసరికి గూట్లో పెంకులే మిగిలాయి, జమ్ముకాడ మీద పచ్చసొన కారుతోంది. దానికీ ఫోటో తీశాడొకడు.

వదిన పక్కకు వెళ్ళి భళ్ళున కక్కుకుంది. రోజూ పేగుల్లో చెయ్యి పెట్టే మనిషి. కంపు పడలేదేమో అనుకుని వీపు రాశాను.

"కంపు కాదే" అంది మూతి తుడుచుకుంటూ. "నేను కోసిందాన్ని ఎవరో ఒకరు తింటారు. ఇది దేనికి?"

మర్నాడు షాపాయన ఏమీ జరగనట్టే మాంసానికి వచ్చి ఫోనులో ఆ ఫోటో చూపించాడు. నోరు తెరిచిన పిట్ట, బాగా వచ్చిందట. వదిన చూడకుండానే ముక్కలు కొట్టిచ్చింది. నాకైతే ఆ నవ్వు మొహం మీద బకెట్టు బోర్లించాలనిపించింది. ఆ తర్వాత వదిన వాళ్ళతో వెళ్ళలేదు. ఒక్కతే వెళ్ళేది.

మళ్ళీ ఎండలు ముదిరాయి. ఒకరోజు వదిన ఖాళీ బకెట్టుతో తిరిగొచ్చి నా చెవిలో, మళ్ళీ గొణుగుతోందే, గూడు కూడా కట్టింది అంది. చిన్నపిల్లలా ఉంది మొహం.

రెండ్రోజులకే షాపాయన వచ్చాడు. "ఏమ్మా, నీ గొణుగుడు పిట్ట వచ్చిందా? మావాళ్ళు కొత్త కెమెరా కొన్నారు" అన్నాడు.

వదిన కోడి కడుపులోంచి చెయ్యి తియ్యలేదు. "రాలేదు సార్. ఈసారి జమ్ములో అన్నీ పిచ్చుకలే."

ఆయన నమ్మేశాడు. ఆవిడ తెలియని పేరు చెప్పదని ఆయనకు తెలుసు. పిచ్చుకలకి అంత దూరం ఎందుకులే అని మాంసం తీసుకుని వెళ్ళిపోయాడు.

ఆయన మలుపు తిరిగేదాకా చూసి, వదిన కుళాయి తిప్పి మోచేతుల దాకా రుద్ది రుద్ది కడుక్కుంది. పని మధ్యలో ఆవిడ చేతులు కడుక్కోవడం నేనెప్పుడూ చూడలేదు. నీళ్ళన్నీ పారబోస్తోందని లోపల్నించి మా అన్న గొణుగుతూనే ఉన్నాడు.