పలక మీద రంగులు

నాకు చిన్నప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. అలాంటివాణ్ణి తెచ్చి చక్కెర జబ్బు మనుషులకు పరీక్షలు చేసే పనిలో పెట్టారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్త. మార్కాపురం తాలూకా అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉంది. రైలు పట్టాల పక్కన చిన్న ఆసుపత్రి. డాక్టరు గారు, ఒక ఆయా, కాంపౌండరుగా నేను, అంతే.

చక్కెర జబ్బు వాళ్ళు అయిదారుగురు ఉండేవారు. రోజూ పొద్దున్నే వచ్చి సూది వేయించుకునేవారు. గురువారం మాత్రం ఇంటి నుంచి సీసాలో మూత్రం తేవాలి. గాజు గొట్టంలో నీలం మందు పోసి, అందులో ఎనిమిది చుక్కలు కలిపి, స్పిరిట్ దీపం మీద కాచేవాణ్ణి. నీలంగానే ఉంటే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ, పసుపు దాటి ఇటుక రంగుకు తిరిగిందంటే జబ్బు ముదిరినట్టు.

దీనికి నా తెలివి ఒకటి జోడించాను. మా వైపు రాతిపలకలకు కొదవ లేదు. పెద్ద పలక ఒకటి తెచ్చి వరండాలో తగిలించి, ఎవరి పేరు పక్కన వారి రంగు రాసేవాణ్ణి. నలుగురూ చూస్తే సిగ్గుపడి పథ్యం చేస్తారని నా ఆలోచన. ఇటుక రంగు వాళ్ళను నిలబెట్టి చీవాట్లు పెట్టేవాణ్ణి. నీలం వాళ్ళకు బెంచీ చూపించి ఇంటి సంగతులు అడిగేవాణ్ణి.

బెల్లం దుకాణం నడిపే పెద్దాయన ఒకడు వచ్చేవాడు. నేను మామా అని పిలిచేవాణ్ణి. ఆయనకు ఎప్పుడూ ఇటుక రంగే. కొనేవాడు రాగానే దిమ్మలోంచి చిన్న ముక్క విరిచి, సగం తన నోట్లో వేసుకుని, సగం వాడి చేతిలో పెట్టడం వాళ్ళ నాయన నాటి పద్ధతి. తాను తినని బెల్లం ఎవరికీ తూచడు. మానుకోమంటే, సరుకులో ఏదో ఉందనుకుంటారని నీళ్ళు నమిలేవాడు. నేను ఒంటికాలి మీద లేచేవాణ్ణి. ఒక గురువారం, ఆయన దగ్గర బెల్లం కొనే అర్ధవీడు గొర్రెల కాపరులు ఇద్దరు వరండాలో ఉండగానే, ఈ వయసులో నాలుక కట్టుకోలేవా అని అరిచాను. ఆయన పలక వంక, వాళ్ళ వంక చూసి, తల వంచుకుని వెళ్ళిపోయాడు.

తరువాతి గురువారం నీలం. ఆ పై వారమూ నీలమే. మందు కంటే నా పలకే బాగా పనిచేసిందని డాక్టరు గారి దగ్గర గొప్పలు పోయాను. ఆయన సూది మందు సగానికి తగ్గించారు. మామను బెంచీ మీద కూర్చోబెట్టి ఎలా ఉన్నావని అడిగాను. నవ్వాడు కానీ, ఎందుకో నా మొహం చూడలేదు.

నెల తిరిగేసరికి మనిషి చిక్కిపోయాడు. ఒకరోజు కుంటుతూ వచ్చాడు. చెప్పు తీస్తే కుడికాలి బొటనవేలు నల్లబడి ఉంది. అక్కడికక్కడే మూత్రం పట్టించి పరీక్ష చేశాను. ముదురు ఇటుక రంగు వచ్చింది. వేలు ఎలాగూ పోతుంది, ఆలస్యం చేస్తే పాదమే పోతుంది, వెంటనే కర్నూలు పొమ్మన్నారు డాక్టరు గారు.

ఇన్ని వారాలు తెచ్చిన సీసా ఎవరిదని అడిగాను.

"మీ అత్తది," అన్నాడు. ఆయన భార్యది.

ఎందుకిలా చేశావన్నాను.

"ఏం చేసేది నాయనా. ఎర్రగా వచ్చినప్పుడు నిలబెట్టి తిట్టినావు. నీలంగా వచ్చినాక కూచో మామా అన్నావు. ఈ జబ్బు వచ్చినాక నన్ను కూచోబెట్టి, ఎట్లుండావని అడిగింది నువ్వొక్కడివే. అది పోగొట్టుకోలేకపోయినా."

నాకు తల కొట్టేసినట్టయింది. అబద్ధం తెచ్చింది ఆయనే అయినా తెప్పించింది నేను. ఆ సాయంత్రమే పలక తుడిచి, దించి, గోడకు తిప్పి పెట్టాను. నా మీద నాకంత కోపం అంతకు ముందెప్పుడూ రాలేదు.

కర్నూలులో వేలు తీసేశారు. పాదం దక్కింది. తిరిగి వచ్చాక మొదటి గురువారం మామ సీసా పట్టుకుని గడప దగ్గరే నిలబడ్డాడు. సీసా అందుకోకుండా ముందు బెంచీ చూపించాను. కూర్చున్నాక, ఎలా ఉన్నావని అడిగాను. చాలాసేపు చెప్పాడు. రెండో కాలూ పోతుందేమోనని భయం. బెల్లం నోట్లో వేసుకోకపోతే వాళ్ళ నాయన పేరు చెడగొట్టినవాణ్ణవుతానని దిగులు. నేను మధ్యలో నోరు తెరవలేదు. నా బోటివాడికి అది సూది వేయడం కంటే కష్టమైన పని. చెప్పీ చెప్పీ, ఇకమీద మీ అత్తను దుకాణంలో పక్కన కూర్చోబెట్టుకుంటానని, తన వంతు ముక్క ఆమె తింటుందని ఆయనే అన్నాడు.

అప్పుడు దీపం వెలిగించాను. ఇద్దరం గొట్టం వంకే చూస్తున్నాం. నీలం పోయింది, ఆకుపచ్చ పోయింది, ఎరుపు తిరిగింది.

"ఇది నాదే నాయనా," అన్నాడు మామ. అలవాటు కొద్దీ, తిట్లు తినడానికి, కట్టు కట్టిన కాలితోనే లేచి నిలబడబోయాడు.

భుజం పట్టుకుని కూర్చోబెట్టాను.