రేడియేటర్‌లో పోసిన పసుపు

ఈ సంగతి నేను ఇప్పటికి చాలామందికి చెప్పాను. ఒక్కరూ చివరిదాకా వినలేదు. పెళ్లి భోజనాల దగ్గర చెబితే పక్కవాళ్లు వడ్డించేవాణ్ని పిలిచారు. చర్చి వరండాలో చెబితే గడియారం చూసుకున్నారు. ఊరి పాత జ్ఞాపకాలతో పుస్తకం వేస్తున్నామని ఒక పెద్దాయన నా చేత రాయించుకుని, ఈ భాగం మాత్రం తీసేసి అచ్చు వేశాడు. పాత కారు కడిగిన ముచ్చట ఎవరికి కావాలి అన్నాడట. ఆ రోజు ఆ కారులో ముగ్గురున్నారు. ఇద్దరు పోయారు. మూడో మనిషి ఇంకా ఉన్నాడు. ఆయన నోరు తెరవడు కాబట్టి మళ్లీ రాస్తున్నాను.

మా నాన్న నరసరావుపేటలో ఒక పత్తి మిల్లు యజమాని దగ్గర డ్రైవరు. పదకొండేళ్లు ఆయన తెల్ల అంబాసిడర్ నడిపాడు. మా చర్చిలో సంఘపెద్ద కూడా. ప్రభురాత్రి భోజనం రోజున రొట్టె పళ్లెం పట్టుకుని వరసల మధ్య నడిచే పని ఆయనది. దానికోసం ముందురోజే తెల్లచొక్కా గంజి పెట్టించుకునేవాడు.

ఎనభైల మొదట్లో ఒక వేసవి పగలు యజమానినీ ఆయన పెద్దకొడుకునూ మాచర్ల నుంచి తీసుకొస్తున్నాడు. యజమాని ఇంట్లో ఆ రోజు పెళ్లిపనులు మొదలుపెట్టే ముహూర్తం. వెనక సీట్లో కొడుకు పక్కనే సామాన్లు, వాటిలో పసుపు పొట్లాలు. గురజాల దాటాక రేడియేటర్ కారడం మొదలైంది. మా వైపు డ్రైవర్లకు దానికొక ఉపాయం ఉంది. కాస్త పసుపు వేసి నీళ్లు పోస్తే సన్నటి చిల్లు మూసుకుపోతుంది, ఊరు చేరేదాకా బండి నడుస్తుంది. నాన్న బండి పక్కకు తీసి, చల్లారాక మూత విప్పి, ఒక చెంచాడు పసుపు అడిగాడు.

"చెంచాడేందిరా? మళ్లీ కారితే మళ్లీ ఆపుతావా? ముహూర్తం నీకోసం కూర్చునుంటదా?" అంటూ యజమాని కిందికి దిగి, పొట్లం విప్పి, తన చేత్తోనే మొత్తం గుమ్మరించాడు.

"అయ్యా, అంత పోస్తే గొట్టాలు పూడిపోతయ్యి."

"నువ్వు నడపరా ముందు."

పిడుగురాళ్ల దాటిన కాసేపటికి ఇంజను పట్టేసింది. ముహూర్తం పోయింది. ఆలస్యానికి కారణం అడిగిన ప్రతి చుట్టానికీ యజమాని ఒకటే చెప్పాడు. డ్రైవరు తాగి ఉన్నాడు, నీళ్లు చూసుకోకుండా ఇంజను మాడ్చాడు అని. కొడుకు పక్కనే నిలబడి విన్నాడు.

నాన్న పుట్టి బుద్ధెరిగి సారా ముట్టలేదు. పని పోయింది, ఇంకోచోట లారీ దొరికింది. కానీ ఆ మాట మిల్లు గేటు దాటి మా పేటలోకి వచ్చింది. సంగతి తేలేదాకా పళ్లెం పట్టుకోవద్దని పాస్టరుగారు చెప్పారు. తేల్చడానికి ఎవరూ కదల్లేదు. నాన్న వెనక బల్ల మీదికి మారాడు. ఆయన తాగడని తెలిసీ ఆ రోజు చర్చిలో పెదవి విప్పని వాళ్లు పదిహేడుమంది. ఎవరు ఎక్కడ కూర్చున్నారో కూడా నేను చెప్పగలను.

ఆరేళ్లు గడిచాయి. నేను అప్పటికి ఒక సాయిబు గారి షెడ్డులో కార్లకు టింకరింగు, రంగు, సీట్లు, అన్నీ చేస్తున్నాను. ఆయన్ని బాబాయ్ అనేవాణ్ని. ఇంజను పట్టేసినప్పటి నుంచి మిల్లులో మూలన పడి ఉన్న ఆ అంబాసిడర్‌నే ఒకరోజు ట్రాక్టరు వెనక తాడుతో కట్టి లాక్కొచ్చారు. వెంట యజమాని పెద్దకొడుకు. వాళ్ల నాన్నకు షష్టిపూర్తి, ఊరేగింపు ఈ కారులోనే కావాలని పట్టుబట్టాడట. నన్ను చూసి గుర్తుపట్టలేదు. చిన్నప్పుడు వాళ్ల ఇంటి అరుగు మీద కూర్చుని నాన్న కోసం ఎన్ని సాయంత్రాలు ఎదురుచూశానో.

బాబాయ్ తలుపు లాగితే గొళ్లెం చేతిలోకి వచ్చింది. లోపలికి తొంగిచూసి, "ఏంది అయ్యగారూ, కారు తెమ్మంటే కోళ్లగూడు తెచ్చారు?" అన్నాడు. నిజంగానే వెనక సీట్లో కోడి పొదిగిన గుంట ఉంది. మిల్లులో ఎవరో పత్తిగింజల బస్తాలు లోపల పడేశారు. అవి చినిగి, గింజలు మొలకెత్తి, ఎండి చచ్చాయి. ఎలుకలు సీట్ల కొబ్బరి పీచు లాగేసి డ్యాష్‌బోర్డు వెనక కాపురం పెట్టాయి. పైకప్పు గుడ్డ చిరిగి వేలాడుతోంది. కాలు పెట్టేచోట రేకు తుప్పుపట్టి నేల కనిపిస్తోంది.

"బాగవుద్దా?" అన్నాడు పెద్దకొడుకు.

"అవుద్ది," అన్నాను నేను. "నా కూలి వద్దు. మీ నాన్నగారు మా పాస్టరుగారి దగ్గరికొచ్చి, మా నాన్న ఆ రోజు తాగలేదని ఒక్క మాట చెబితే చాలు."

అప్పుడు నా ముఖంలోకి చూశాడు. "నువ్వు ఆయన కొడుకువా?" అని, "దానికేముందిలే, చెప్పిస్తా," అన్నాడు.

ఐదు వారాలు చేశాను. చెత్తంతా ఊడ్చి, సీట్లు విప్పి, స్ప్రింగులకు తుప్పు గీకి నూనె పెట్టాను. కొత్త పీచు నింపి రెక్సిన్ కుట్టించాను. ఎలుకల కంపు సబ్బుకు పోలేదు. వేడి కుంకుడురసంతో మూడుసార్లు తోమి, వేపాకు పొగ పెట్టి, నాలుగు తలుపులూ తీసి ఎండలో ఉంచాను. నేల రేకు కోసి కొత్తది అతికాం. తలుపుల అడుగున నీళ్లు పోయే కంతలు మట్టితో బిగుసుకుపోయి ఉంటే మేకుతో ఒక్కొక్కటీ తెరిచాను. లప్పం పెట్టి, ఆరనిచ్చి, నీళ్లు పోస్తూ ఎమెరీ కాగితంతో రుద్దాను. రుద్ది రుద్ది వేళ్ల చివర్లు పగిలి అన్నం కలుపుకోవడానికి మంటగా ఉండేది. అమ్మ కలిపి పెట్టేది. ఎవరి బండికిరా ఇంత చాకిరి అని తిడుతూనే పెట్టేది.

ఇంజను బాబాయ్ చూసుకున్నాడు. రేడియేటర్ మాత్రం నేనే విప్పాను. అతికిన మాటు కరిగించి దాని పైతొట్టి ఊడదీస్తే కింద సన్నటి గొట్టాల నోళ్లన్నీ మూసుకుపోయి ఉన్నాయి. తొట్టి లోపలా అదే, తుప్పూ సున్నమూ కలిసిన గట్టి పెచ్చు. ఊచతో ఒకచోట విరగ్గొడితే లోపల ఇంకా పచ్చగా ఉంది. ఆరేళ్లుగా నాన్న చెప్పింది అదే.

బండికి వేరే రేడియేటర్ బిగించి, ఆ తొట్టి గోనెగుడ్డలో చుట్టుకుని పాస్టరుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఓపికగానే చూశారు.

"ఇందులో పసుపుందని తెలుస్తా ఉంది నాయనా. పోసిందెవరో తెలీదు. మీ నాన్న తాగలేదనీ ఇది చెప్పదు. బండిలో ఉన్నవాళ్లు చెప్పాల."

షెడ్డుకు తిరిగొస్తే బాబాయ్ కోప్పడ్డాడు. "ఒరేయ్, బండి నీ దగ్గరున్నన్నాళ్లే వాళ్లు వస్తారు. ముందు ఆ ముసలాయన్ని చర్చికి తీసుకపో. తర్వాతే తాళం ఇయ్యి."

నేను వినలేదు. బండి అంత శుభ్రంగా కనిపిస్తే ఆయన మనసు మెత్తబడుతుందనుకున్నాను. తాళం బిగబట్టి మాట చెప్పిస్తే అది నాన్నకు దక్కినట్టు కాదనుకున్నాను. నా తప్పు నేను ఒప్పుకుంటాను. తప్పు ఒప్పుకున్నది ఈ మొత్తంలో నేనొక్కణ్నే.

షష్టిపూర్తికి ముందురోజు పొద్దున తండ్రీకొడుకులిద్దరూ వచ్చారు. యజమాని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. బంపరు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. ఎక్కి కూర్చుని, "సీటు గట్టిగా పెట్టార్రా," అన్నాడు. నేను తొట్టి తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఇదేంది?"

"ఆ రోజు మీరు పోసిన పసుపు."

ఆయన దాని వంక చూడనైనా లేదు. "ఇప్పుడెందుకురా అయ్యన్నీ, శుభమా అని పని పెట్టుకుంటే."

నేను కొడుకు వైపు చూశాను. "రేపు ఆదివారం. ఊరేగింపు చర్చి మీదుగానే పోద్ది. అక్కడ ఆపి చెప్పిస్తాలే," అని తాళం కోసం చెయ్యి చాపాడు. ఇచ్చాను.

ఇంటికొచ్చి నాన్నకు చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆదివారం ఆయన గంజి పెట్టిన చొక్కా తొడుక్కుని, లోపల కూర్చోకుండా చర్చి గేటు దగ్గర కుర్చీ వేసుకున్నాడు. అప్పటికే ఆయాసం ఉండేది, ఎక్కువసేపు నిలబడలేడు. ఆరాధన ముగిసింది. పాస్టరుగారు కూడా నా మాట మీద ఆగారు. డప్పులు వినిపించాయి. వాటి వెనక ఇంజను చప్పుడు.

"మన బండేరా," అన్నాడు నాన్న. "మీ సాయిబు ఇంజను టైమింగ్ బాగా పెట్టాడు."

బంతిపూలతో కప్పేసిన అంబాసిడర్ మెల్లగా వచ్చింది. నాన్న కుర్చీ చెయ్యి పట్టుకుని లేచాడు. యజమాని వెనక సీట్లో దండలతో కూర్చుని నేరుగా ముందుకే చూస్తున్నాడు. పక్కన కొడుకు. అద్దం దించి ఉంది. కొడుకు నాన్నను చూశాడు, నన్ను చూశాడు, వంగి డ్రైవరు భుజం తట్టాడు. ఆపమని చెబుతున్నాడనుకున్నాను. బండి వేగం పెరిగింది.

పాస్టరుగారు లోపలికి వెళ్లిపోయారు. నాన్న ఇంకా రోడ్డు వైపే చూస్తూ, "పై గేరులో పోతన్నాడు, ఈ సందులో అంత పనికిరాదు," అన్నాడు. చొక్కా నలగకుండా చూసుకుంటూ కూర్చున్నాడు. ఇంటికి పోదామంటే కాసేపు లేవలేదు.

తర్వాత రెండేళ్లకు పోయాడు. సమాధి దగ్గర ఒక సంఘపెద్ద, మనిషికి బలహీనతలుంటాయి, దేవుడు క్షమిస్తాడు అని ప్రార్థన చేశాడు. అందరూ ఆమెన్ అన్నారు. నేను అనలేదు. యజమాని కూడా ఆ తర్వాత ఎన్నాళ్లో ఉండలేదు. కొడుకును మిల్లు దగ్గర అడిగాను, కోర్టు వరండాలో అడిగాను, ఆసుపత్రి బల్ల మీద పక్కన కూర్చుని అడిగాను. ఎప్పటి సంగతో అన్నాడు ఒకసారి. గుర్తులేదన్నాడు ఇంకోసారి. మూడోసారి లేచి వెళ్లిపోయాడు. రెండు ఉత్తరాలు రాశాను. అందినట్టు సంతకం ఉంది, జవాబు లేదు.

ఇప్పుడు వినేవాళ్లు కూడా లేరు. ఆ పాస్టరుగారు లేరు, బాబాయ్ లేడు, పదిహేడుమందిలో మిగిలింది ఇద్దరో ముగ్గురో. నాన్నకు ఒరిగేదేమీ లేదని నాకూ తెలుసు. అయినా అడుగుతున్నాను. అయ్యా, వెనక సీట్లో కూర్చున్నది మీరు. పొట్లం విప్పింది ఎవరు? మా నాన్న తాగి ఉన్నాడా, లేడా? మీకు గుర్తుంది. చెప్పండి.