గోడ వెనక పోలేరమ్మ

పంతొమ్మిది వందల యాభైల చివర్లో మా తమ్ముడికి అమ్మవారు పోసింది. ఒళ్లంతా పొక్కులు, గొంతులో గుక్కెడు నీళ్లు దిగడం లేదు. అలాంటప్పుడు మిరపచేల గట్టున ఉన్న పోలేరమ్మ రాతి మీద పసుపునీళ్లు పోసి, కిందికి జారిన నీళ్లు పట్టి తెచ్చి బిడ్డ మీద చల్లాలి. పోలేరమ్మ ఊళ్లో ఉంటేగా! పాతకాలపు శిల్పమని ఆ ఏడే మ్యూజియం వాళ్లు గుంటూరు పట్టుకుపోయారు. పట్నంలో మన ఊరి పేరు రాసి పెడతారని మురిసిపోయి, పెద్దలే దగ్గరుండి లారీ ఎక్కించారు. అమ్మవారిని పెకలించిన గుంటలో ఇంకో రాయి పాతారు గానీ దాని మీద అమ్మకి గురి కుదరలేదు.

తమ్ముణ్ణి నాయనమ్మకి అప్పగించి, పసుపునీళ్ల చెంబు ఒళ్లో పెట్టుకుని అమ్మ బస్సెక్కింది. వెంట నేను. దారి పొడుగునా చెంబు తొణక్కుండా చూసుకోవడమే అమ్మ పని.

మ్యూజియం ఒకప్పటి జమీందారు బంగళా. చుట్టూ తోట. తోటమాలి గులాబీలకి నీళ్లు పెడుతున్నాడు. లోపల పోలేరమ్మ చుట్టూ తాడు కట్టి ఉంది. బొట్టు లేదు, పసుపు లేదు, శుభ్రంగా తోమేశారు. చూడగానే నాకు ఏడుపొచ్చింది.

చెంబు చూసి ఆఫీసరుగారు గబగబా వచ్చారు. తడి తగిలితే రాయి పాడవుతుందన్నారు. ఇన్నేళ్లు వానలో నాని పాడవని రాయి మా అమ్మ చెంబెడు నీళ్లకి పాడవుతుందట! గులాబీలకి దొరికిన నీళ్లు మా పోలేరమ్మకి దొరకలేదని నాకిప్పటికీ కోపమే. అమ్మ ఆయన కాళ్లు పట్టుకుంది. ఆయన నొచ్చుకుని, ఓపిగ్గానే చెప్పారు.

"ఇది అమ్మవారు కాదమ్మా. యక్షుడు. మగ విగ్రహం."

"మగవాడైతే మాత్రం ఏంటండీ, బిడ్డ బతికితే చాలు," అంది అమ్మ.

ఆయన తల దించుకున్నారు గానీ తాడు విప్పలేదు.

బయటికొచ్చి అమ్మ బంగళా చుట్టూ తిరిగింది. పోలేరమ్మ ఏ గోడ వెనక ఉందో కిటికీలోంచి ఆనవాలు పట్టి, ఆ గోడ మీద పసుపునీళ్లు పోసింది. కింద తడిసిన మట్టి తీసి కొంగున కట్టుకుంది. తోటమాలి చూసి, మళ్లీ గులాబీల వైపు తిరిగాడు.

ఇంటికి రాగానే ఆ మట్టి తమ్ముడి నుదుట పెట్టింది. మర్నాడు పొద్దెక్కాక వాడు పోయాడు.

ఊరంతా తలో మాట అన్నారు. లారీ ఎక్కించిన పెద్దలు కూడా మ్యూజియాన్నే తిట్టారు. వాణ్ణి చేతుల మీద ఎత్తుకెళుతుంటే, అమ్మ మాత్రం తప్పంతా తనదే అయినట్టు నాయనమ్మ చేతులు పట్టుకుంది.

"నీళ్లు పోశానత్తయ్యా. మధ్యలో గోడ అడ్డమొచ్చింది."