నా ముక్కుకే తగిలిన కంపు

దయ్యాలు, గాలి సోకడాలు నేను ఏనాడూ నమ్మలేదు. నల్లగొండలో ఆడపిల్లల హాస్టల్లో ఏళ్ల తరబడి వంట చేశాను. బాత్రూంల దగ్గర ఎవరో తెల్లచీర కట్టుకుని నిలబడిందని పిల్లలు వణికిపోతే, వాళ్లను అక్కడికే తీసుకెళ్లి ఆరేసిన దుప్పటి చూపించేదాన్ని. ఆదివారం చర్చికి పోతాను, దేవుణ్ణి నమ్ముతాను, అంతే. ఇప్పుడు నేను చెప్పేది విని నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి.

కరోనా వచ్చి తగ్గినప్పటి నుంచి నాకు వాసన తెలియదు. మెల్లగా అదే వస్తుందన్నారు. రాలేదు. పప్పు మాడినా, పాలు విరిగినా నాకు ఒకటే. వంటమనిషికి ముక్కు పోతే ఎంత నామోషీయో మీకు తెలియదు. చారు పాడైందో లేదో పక్కనామెను అడిగి వడ్డించేదాన్ని.

పెద్ద పెద్ద గిన్నెలు ఎత్తి దించి మోకాళ్లు కూడా అరిగిపోయాయి. కుడికాలు వంకరపోయాక మా అమ్మాయి సునీత ఊళ్లోనే ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకెళ్లింది. డాక్టరు ఎక్స్‌రే చూసి, ఎముకకు ఎముక రాసుకుంటోంది, కీలు మార్చాల్సిందే అన్నాడు.

బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నామో లేదో, కంపు కొట్టింది. కరెంటు పోయిన ఫ్రిజ్‌లో మాంసం మరిచిపోతే వచ్చే కంపు. తియ్యతియ్యగా గొంతులోకి దిగింది. ఇన్నేళ్లకు ముక్కు పనిచేసిందని సంతోషపడాలా? చీ! కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే కక్కాను. సునీతకు మాత్రం ఫినాయిల్ వాసన తప్ప ఏమీ రాలేదట. ఆ దవాఖాన బాత్రూంల సంగతి చెప్పాలంటేనే నాకు అసహ్యం, అక్కడి నుంచే వచ్చిందనుకున్నాను.

ఆ తర్వాత రక్త పరీక్షలు, గుండె పరీక్ష. పంటి కింద చీమున్నా కొత్త కీలుకు పాకుతుందని పళ్ల డాక్టరు దగ్గరికి కూడా పంపారు. వెళ్లినప్పుడల్లా అదే కంపు. ఇడ్లీ తిందామని పొట్లం విప్పి అలాగే చెత్తబుట్టలో పడేశాను. నా ఉమ్మి నేను మింగాలన్నా రోతగా ఉండేది.

అది ఎక్కడి నుంచి వస్తోందో కొన్నాళ్లకు తెలిసింది. అనసూయమ్మ అని, చిట్యాల అవతల పల్లెలో పెద్ద వ్యవసాయ కుటుంబం. ఆమెకూ మోకాలే, మా డాక్టరే. మమ్మల్నిద్దరినీ ఒకే రోజు రమ్మనేవాళ్లు. గంజి పెట్టిన చీర, తలలో మల్లెపూలు, కడిగిన ముత్యంలా ఉండేది. ఆమె పక్కన కూర్చుంటే కంపు. లేచి దూరం పోతే ఉండదు. కావాలనే లేచి తిరిగి చూశాను.

ఆమెకు చెప్పలేదు. చెప్పలేకపోయాను. ఊరవతల ఉండే మా వాడోళ్లం దగ్గరికొస్తే ముక్కు మూసుకునేవాళ్లను చూస్తూ పెరిగినదాన్ని. రోజూ తలంటుకుని, ఉతికిన గౌను వేసుకుని బడికి పోయినా, కంపు కొడుతున్నావని పక్కన కూర్చోనిచ్చేవాళ్లు కాదు. ఆ మాట మనిషిని ఎట్లా తింటుందో నాకు తెలుసు. ఎవరి మొహం మీదా ఆ మాట అనకూడదని చిన్నప్పుడే అనుకున్నాను.

డాక్టరుతో మాత్రం, నాకేదో కుళ్లు వాసన వస్తోందని చెప్పాను. కరోనా తర్వాత కొందరికి లేని వాసనలు అట్లా వస్తాయి, నరాలు బాగుపడుతున్నట్టే అన్నాడు. నాకూ అదే సబబనిపించింది.

ఆపరేషన్ రోజు వచ్చింది. మందు సబ్బుతో స్నానం చేయించారు. కాలి మీద వెంట్రుకలు తీసి, మోకాలిపై పెన్నుతో గుర్తు పెట్టారు. ఇద్దరినీ ఒకే గదిలో పడుకోబెట్టారు. ముందు అనసూయమ్మ, తర్వాత నేను. ఆమెను తీసుకుపోవడానికి నర్సు వచ్చి దుప్పటి తీసేసరికి కంపు గుప్పుమంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అది ఆమె ఒంటిది కాదు, చీరది కాదు. సరిగ్గా ఆ గుర్తు పెట్టిన మోకాలిది.

"అమ్మా, మీ మోకాల్లకెల్లి కంపు వస్తాంది. చీము కంపు. జర డాక్టర్‌కు చెప్పున్రి," అనేశాను.

ఆమె మొహం ఎర్రబడింది. "ఏమన్నవే? నేను కంపు కొడుతున్ననా? నీకు?"

ఆ 'నీకు' అన్న మాట ఎందుకన్నదో నాకు అర్థమైంది. ఆమె కొడుకు నా మీదికొచ్చాడు. "అమ్మా, నీ కాళ్లు మొక్కుత, గమ్మునుండు," అని సునీత నా నోరు నొక్కబోయింది. నోరు జారాక ఇంక ఊరుకుని ఏం లాభం? డాక్టరు వచ్చేదాకా అరుస్తూనే ఉన్నాను.

డాక్టరు విసుక్కున్నాడు. జ్వరం లేదు, వాపు లేదు, రిపోర్టులన్నీ బాగున్నాయన్నాడు. కానీ కోసే ముందు మోకాల్లోంచి సూదితో కొంచెం నీరు తీసి చూస్తానన్నాడు. సిగ్గుతో ఏడుస్తున్న ఆమెను అట్లాగే తోసుకుపోయారు.

చాలాసేపటికి నర్సు వచ్చి, ఈ రోజు నాకు ఆపరేషన్ లేదు, థియేటర్ అంతా శుభ్రం చేయాలంది. సూది గుచ్చగానే చిక్కటి చీము వచ్చిందట. మోకాలు తెరిచి కడిగి, కొత్త కీలు పెట్టకుండానే కుట్టేశారట. చీము మీద కీలు పెట్టి ఉంటే కాలే పోయేదంది.

తర్వాత నాకూ ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని నడిపిస్తున్న రోజుల్లో అనసూయమ్మ ఇంకా అక్కడే ఉంది, చేతికి సెలైన్ సూదితో. ఆమె కొడుకు వచ్చి, నా మొహం చూడకుండా, "అమ్మ పిలుస్తాంది," అన్నాడు.

వెళ్లాను. ఆమె అందరినీ బయటికి పంపేసింది. కాలి మీది దుప్పటి తనే తీసింది.

"ఇగ చూడు మరియమ్మా. ఇంకా వస్తాందా? చీము పోయింది, మల్ల కీలు పెడ్తం అంటుండ్రు. నాకు నమ్మబుద్ధయితలేదు. నువ్వు చెప్పు."

అంతటి ఇంటి మనిషి తన కాలు వాసన చూడమని నన్ను అడిగింది. వాకర్ పట్టుకుని వంగాను. గట్టిగా పీల్చాను. ఏమీ లేదు. కట్టు మీది మందు వాసన లేదు. ఆమె జడలో మల్లెల వాసన కూడా లేదు.

చీము పోయిందా, నా ముక్కే మళ్లీ పోయిందా? ఎట్లా తెలిసేది? ఆమె నా నోటి వైపే చూస్తోంది.

"పోయిందమ్మా," అన్నాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "నువ్వన్నవ్ గద, ఇగ నాకు ఫికర్ లేదు. చేయించుకుంట," అంది.

చెప్పినట్టే చేయించుకుంది. ఇప్పుడు బాగానే నడుస్తోందట. ఆ కంపు నా ఒక్కదానికే ఎందుకు వచ్చిందో, ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు ఆమె నమ్మింది నా ముక్కును. ఆ ముక్కుకు ఆ రోజు ఏ వాసనా రాలేదని ఆమెకు నేను ఇంతవరకు చెప్పలేదు.